ముప్పై ఒకటికి నటనలోకి రావచ్చా? స్కాట్ దొర వేసిన రే స్టీవెన్‌సన్ దారి ఒకసారి చూడు తమ్ముడూ

ఈసారి ఉత్తరం మాంచెస్టర్ నుంచి వచ్చింది. పేరు వద్దన్నాడు కాబట్టి పెట్టట్లేదు, చాలా పొడుగ్గా రాశాడు, కొంచెం కుదించి ఇస్తున్నా.

"అక్కా, నాకు 31. మాది ఖమ్మం. మాస్టర్స్ కోసం యూకే వచ్చి ఇక్కడే సెటిలయ్యా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో జాబ్, పీఆర్ వచ్చింది, పోయినేడు మార్ట్‌గేజ్ మీద ఇల్లు కొన్నాం, మా ఆవిడ కూడా జాబ్ చేస్తుంది. ఉగాదికి మనవాళ్ళు వేసే నాటకాల్లో వేషాలు వేస్తుంటే పిచ్చి పట్టింది, రెండేళ్ళ నుంచి సాయంత్రం యాక్టింగ్ క్లాసులకి పోతున్నా. నీది లీడ్ ముఖం కాదు గానీ క్యారెక్టర్ రోల్స్‌కి పనికొస్తావు అన్నాడు మా సారు. ఈమధ్య ఆర్ఆర్ఆర్ మళ్ళీ చూశా, అందులో స్కాట్ దొరగా వేసిన రే స్టీవెన్‌సన్ గురించి చదివితే ఆయన కూడా వేరే ఉద్యోగం చేసుకుంటూ అది వదిలేసి 29 ఏళ్ళకి డ్రామా స్కూల్ పూర్తి చేశాడంట. నేనూ రిజైన్ చేసి చేరిపోనా? లేటయిపోయిందా? జీవితమంతా సైడ్ క్యారెక్టర్లే వేసుకుంటూ బతికితే అది కెరీర్ అవుతుందా? మా ఆవిడ నీ ఇష్టం అంటోంది. నాన్న మాత్రం రెండు నిమిషాల వేషానికి బంగారంలాంటి ఉద్యోగం వదులుతావా అని ఫోన్ పెట్టేశాడు."

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పాల్సినవి చెప్పేస్తా. లేట్ అవ్వలేదు. జాబ్ మాత్రం ఇప్పుడే మానకు. ఇక సైడ్ క్యారెక్టర్లతో ఒక జీవితం నడుస్తుందా అన్నదానికి నువ్వు తెచ్చిన మనిషే మంచి జవాబు, కాకపోతే ఆయన కథలో నువ్వు ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయావు, 29 దగ్గర. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఏం చేశాడో చూస్తే నీకు ధైర్యమూ వస్తుంది, భయమూ వేస్తుంది, నీకు రెండూ కావాలి ఇప్పుడు.

మొదట్నుంచీ చెప్తా. రే స్టీవెన్‌సన్ 1964 మేలో నార్తర్న్ ఐర్లండ్‌లోని లిస్‌బర్న్‌లో పుట్టాడు, తండ్రి రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసేవాడు, ఎనిమిదేళ్ళప్పుడు ఇంగ్లండ్ వచ్చేసి న్యూకాజిల్ వైపు పెరిగాడు. సినిమావాళ్ళ ఇంట్లో పుట్టినవాడు కాదు, చిన్నప్పటి నుంచీ స్టేజీ ఎక్కినవాడూ కాదు. లండన్‌లో ఒక ఆర్కిటెక్చర్ ఫర్మ్‌లో ఇంటీరియర్ డిజైనర్‌గా ఉద్యోగం చేసుకునేవాడు. ఇరవైల్లో ఉండగా వెస్ట్ ఎండ్‌లో జాన్ మాల్కోవిచ్ నాటకం చూసి మనసు మారిపోయింది, చివరికి బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్‌లో చేరాడు. 1946లో పెట్టిన స్కూల్ అది, డేనియల్ డే లూయిస్, పీట్ పోసిల్‌త్వెయిట్, ఒలీవియా కోల్మన్ అందరూ అక్కడ చదివినవాళ్ళే. 1993లో పూర్తి చేశాడు. ఇక్కడిదాకా నువ్వు చదివిందే.

ఇప్పుడు తర్వాతది చూడు. ఇరవైలు అయిపోవచ్చిన మనిషి, పక్కన ఇరవై రెండేళ్ళ పిల్లలతో పాటు బయటికొచ్చి మొదటి వేషాల కోసం వెతుక్కోవాలి. క్యాథరిన్ కుక్సన్ అని ఇంగ్లండ్ ఈశాన్యం వైపు కష్టజీవుల బతుకుల మీద రాసిన రచయిత్రి ఉండేది, ఆవిడ నవలల్ని అప్పట్లో టీవీకి తీస్తుండేవాళ్ళు, వాటిల్లో వేశాడు, పెరిగింది ఆ వైపే కాబట్టి ఆ యాస నోట్లోనే ఉంది. బ్యాండ్ ఆఫ్ గోల్డ్‌లో ఒక భర్త వేషం, సిటీ సెంట్రల్‌లో పోలీసు, ఎట్ హోమ్ విత్ ద బ్రెయిత్‌వెయిట్స్‌లో ఒక బంధువు, మధ్యలో ఏదో ఒక డిటెక్టివ్ సీరియల్‌లో ఒక ఎపిసోడ్. 1998లో ద థియరీ ఆఫ్ ఫ్లైట్ అనే సినిమాలో చిన్న వేషం. ఇవన్నీ ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి జనం సోఫాలో కూర్చుని చూసి పడుకునేవి, అందులో వేసినవాడి పేరు తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు. పక్కన నాటకాలు ఎటూ ఉన్నాయి. 2000లో యార్క్ మిన్‌స్టర్ చర్చిలో ఆ ఊరివాళ్ళు మిస్టరీ ప్లేస్ అని పాతకాలపు బైబిల్ నాటకాలు వేస్తే క్రీస్తు పాత్ర ఈయనే వేశాడు, చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది మామూలు ఊరి జనం, నటులు కారు. 2003లో నేషనల్ థియేటర్‌లో ద డచెస్ ఆఫ్ మాల్ఫీలో కార్డినల్ వేషం కట్టాడు. అంటే పదేళ్ళు గడిచాక కూడా న్యూకాజిల్ బస్టాండులో నిలబడితే ఎవరూ సెల్ఫీ అడగని మనిషి.

2004లో కింగ్ ఆర్థర్ సినిమాలో డాగొనెట్ వేశాడు, అప్పటికి నలభై. ఆ వేషాన్ని నువ్వు ఒకసారి కూర్చుని చూడాలి, నిజంగా చెప్తున్నా, నీ సారు చెప్పే క్లాసులన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. ఆర్థర్ వెనక ఉండే వీరుల్లో ఈయనొకడు, డైలాగులు చాలా తక్కువ, పెద్ద శరీరం, ఒక పిల్లాడిని కాపాడి వాడిని కనిపెట్టుకుని ఉంటాడు అంతే. గడ్డకట్టిన సరస్సు మీద శత్రువులు మీదికొస్తుంటే మంచు పగలకపోతే గొడ్డలి పట్టుకుని ఒక్కడే ముందుకి పరిగెత్తి ఆ మంచుని నరుకుతాడు, బాణాలు తగులుతుంటాయి, నరుకుతూనే ఉంటాడు. ఆ సీన్‌లో మాట లేదు. కానీ ఆ పిల్లాడితో ముందు ఆయన ఎంత మెత్తగా ఉన్నాడో మనం చూశాం కాబట్టి ఆ ఒక్కొక్క దెబ్బకీ మన గుండె పట్టేస్తుంది. ముందు రాసుకున్న ఆ రెండు మూడు చిన్న చూపులు సరిగ్గా పడకపోతే తర్వాత ఎంత పెద్ద ఫైట్ పెట్టినా దండగే. సపోర్టింగ్ యాక్టర్ చేసే పని ఇదే తమ్ముడూ, తనకిచ్చిన కాస్త చోటులో ఒక పూర్తి మనిషిని పెట్టడం, దాని బరువు తర్వాత హీరో కథకి అందడం.

ఆ మరుసటి ఏడాది 2005లో రోమ్ సీరియల్ వచ్చింది, హెచ్‌బీఓ, బీబీసీ కలిసి తీసింది, ఇటలీలో చినెచిత్తా స్టూడియోలో భారీ సెట్లు. అందులో టైటస్ పుల్లో అనే సిపాయి, తాగుతాడు, కొట్లాడతాడు, ప్రాణమిస్తాడు. కెవిన్ మెకిడ్ వేసిన వోరేనస్ పక్కన ఈ పుల్లో. సీజర్, ఆంటోనీ లాంటి మహామహులు తిరిగే కథలో జనం వెతుక్కుని మరీ ప్రేమించింది ఈ సిపాయినే. అప్పటికి ఆయనకి 41. రెండు సీజన్లు, 22 ఎపిసోడ్లు, విపరీతమైన ఖర్చు, 2007లో ఆపేశారు. లెక్క వేసుకో మరి, 1993 నుంచి 2005, స్కూల్ బయటికీ ఈ వేషానికీ మధ్య పన్నెండేళ్ళు. నువ్వు ఇవాళ చేరి 34కి బయటికొస్తే, అదే లెక్కన 46. అది కూడా అన్నీ కలిసొస్తే. ఈ నంబర్ నీ ఆవిడతో కూర్చుని మాట్లాడు, 29 నంబర్ పక్కన పెట్టు.

ఇంకో సంగతి, ఇది ఆయన కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. రోమ్ తర్వాత హాలీవుడ్ ఆయన్ని హీరోని చేద్దామని చూసింది. 2008లో పనిషర్ వార్ జోన్, టైటిల్ రోల్ ఈయనదే, మూడున్నర కోట్ల డాలర్ల బడ్జెట్ పెడితే ప్రపంచమంతా కలిపి వచ్చింది కోటి డాలర్ల చిల్లర. 2011లో కిల్ ద ఐరిష్‌మన్‌లో మళ్ళీ మెయిన్ రోల్, క్లీవ్‌లాండ్ గ్యాంగ్‌స్టర్ డానీ గ్రీన్, బాగా చేశాడు గానీ చాలా చిన్న రిలీజ్. చాలామంది ఇక్కడ కుంగిపోతారు, నన్ను హీరోగా ఒప్పుకోలేదు అని. ఈయన వెంటనే పక్క వేషాల్లోకి వచ్చేశాడు, వచ్చి ఇంకా పెద్ద పని చేశాడు. థోర్ సినిమాల్లో వోల్‌స్టాగ్, త్రీ మస్కటీర్స్‌లో పోర్థోస్, జీఐ జో రెండో భాగంలో ఫైర్‌ఫ్లై, డైవర్జెంట్‌లో మార్కస్, బ్లాక్ సెయిల్స్‌లో బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగ, వైకింగ్స్‌లో ఒథేరే. 2012లో డెక్స్‌టర్ ఏడో సీజన్‌లో ఐజాక్ సిర్కో అని యుక్రెయిన్ మాఫియా నాయకుడు వేశాడు. మొదట్లో మామూలు విలన్‌లాగే వస్తాడు, తనవాడు విక్టర్‌ని చంపినందుకు పగ తీర్చుకోవాలని. కథ సగానికి వచ్చేసరికి ఒక బార్‌లో కూర్చుని హీరోతో మాట్లాడుతుంటే అర్థమవుతుంది, విక్టర్ ఆయన కింద పనిచేసిన మనిషి మాత్రమే కాదు, ఆయన ప్రాణం పెట్టుకున్న మనిషి అని. గొంతు పెంచడు, కన్నీళ్ళు పెట్టడు. ఆ సీన్ తర్వాత ఆయన్ని ద్వేషించడం మనవల్ల కాదు. ఒక సీజన్ వేషం అది, చచ్చిపోయే పాత్ర, అయినా ఆ సీజన్ అంటే జనానికి ఆయనే గుర్తొస్తాడు.

ఇక మన సినిమా. 2019 నవంబర్‌లో ఆర్ఆర్ఆర్ టీమ్ ఈయన పేరు ప్రకటించింది, దొరసానిగా ఆలిసన్ డూడీ. గోండు పిల్ల మల్లిని చిల్లర పడేసి తీసుకుపోయే సీన్ ఉంది కదా, కారు వెనక తల్లి ఏడుస్తూ వస్తే సిపాయి తుపాకీ ఎత్తుతాడు, స్కాట్ ఆపుతాడు. ఒక్క క్షణం జాలిపడ్డాడేమో అనుకుంటాం. తర్వాత ఆ బుల్లెట్ ఇంగ్లండ్ నుంచి ఇక్కడిదాకా రావడానికి ఎంత ఖర్చయిందో లెక్క చెప్తాడు, ఇలాంటిదాని మీద వేస్ట్ చెయ్యొద్దని. ఈసారి సౌండ్ తగ్గించి ఆయన ముఖం మాత్రమే చూడు. కోపం లేదు. కింది ఉద్యోగికి స్టోర్ రూమ్ సామాను గురించి చెప్పే ఆఫీసర్ ముఖం అది. అరిచి ఉంటే మామూలు విలన్ అయిపోయేవాడు, లెక్క చెప్పాడు కాబట్టే మూడు గంటల సినిమాకి కావాల్సిన పగంతా మనలో అక్కడే నిండిపోయింది, చివర్లో అదే బుల్లెట్ మాట తిరిగొచ్చినప్పుడు థియేటర్లు ఊగిపోయింది అందుకే. రామ్ చరణ్, ఎన్టీఆర్ ఎంత చేసినా ఎదురుగా ఆ చల్లటి ముఖం లేకపోతే కథ నిలబడదు అని నా గట్టి నమ్మకం. కష్టమైన ఒక స్టంట్ 56 ఏళ్ళ వయసులో వెనకాడకుండా చేశాడని ఆయన పోయాక టీమ్‌వాళ్ళు ఫోటో పెట్టి మరీ రాశారు, సెట్‌కి ఆయన ఎంత హుషారు తెచ్చేవాడో రాజమౌళి కూడా రాశారు.

2023 మే 21న ఇటలీలో పోయాడు, ఇస్కియా దీవిలో షూటింగ్‌లో ఉండగా ఒంట్లో బాగోలేక. ఇంకో నాలుగు రోజులైతే 59 వచ్చేవి. ఆ ఆగస్టులో అసోకా సీరియల్ వచ్చింది, స్టార్ వార్స్ కథల్లోది, బేలన్ స్కోల్ అనే పాత్ర, మొదటి ఎపిసోడ్ ఆయనకే అంకితం ఇచ్చారు. ఆ పాత్ర చూసినవాళ్ళు చాలామంది ఆయన జీవితంలో మంచి వేషాల్లో అదొకటి అన్నారు. పాత్ర అర్ధంతరంగా ఆగిపోకూడదని రెండో సీజన్‌కి రోరీ మెకాన్‌ని తీసుకున్నారు. నీ మూడో ప్రశ్నకి నా జవాబు ఇందులోనే ఉంది తమ్ముడూ. ముప్పై ఏళ్ళు ఆగకుండా పని, ఎన్నో దేశాల్లో షూటింగులు, అదిలాబాద్ అడవి కథ నుంచి స్టార్ వార్స్ దాకా వేషాలు, పోయినరోజు హైదరాబాద్‌లో కూడా జనం బాధపడ్డారు. దీన్ని కెరీర్ అనకపోతే ఇంక దేన్ని అంటాం?

ఈయనొక్కడే అనుకోకు. ఆలన్ రిక్‌మన్ గ్రాఫిక్ డిజైన్ స్టూడియో నడుపుకునేవాడు, 26కి అది వదిలి లండన్‌లో రాడా అనే డ్రామా స్కూల్‌కి వెళ్ళాడు, డై హార్డ్ వచ్చేసరికి 42. లిజ్ స్మిత్ అయితే ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటూ, హామ్లీస్ షాపులో బొమ్మలు కూడా అమ్మి, యాభై దగ్గరపడ్డాక డైరెక్టర్ మైక్ లీ సినిమాతో పైకొచ్చింది, తర్వాత బెస్ట్ సపోర్టింగ్ యాక్ట్రెస్‌గా బ్రిటిష్ అవార్డు బాఫ్టా కూడా తీసుకుంది. ద రోయల్ ఫ్యామిలీ అనే టీవీ కామెడీలో నానా ఆవిడే, అది మీ మాంచెస్టర్ కథే, చూడకపోతే చూడు. మన రంగుకి దగ్గరగా కావాలంటే సంజీవ్ భాస్కర్ ఉన్నాడు, ఐబీఎంలో మార్కెటింగ్ చేసినవాడు, తర్వాత కామెడీకి వచ్చి, 2015 నుంచి అన్‌ఫర్‌గాటెన్‌లో సన్నీ ఖాన్ అనే పోలీసు ఆఫీసర్‌గా అంత నెమ్మదైన పాత్ర చేస్తున్నాడు. మనకి అక్కడ కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంక్ ఉద్యోగం చేసుకుంటూనే వేషాలు వేసిన సంగతి మీ నాన్నకి నీకంటే బాగా తెలిసుంటుంది, ఆ మాట ఒకసారి ఆయనతో అను.

కానీ నీకూ స్టీవెన్‌సన్‌కీ తేడా కూడా చెప్పాలి, చెప్పకపోతే నీకు అన్యాయం చేసినట్టే. ఆరడుగులు దాటిన మనిషి, తెల్లవాడు, ఆ నేల యాసలో పెరిగినవాడు, సిపాయి, కత్తియుద్ధం, దొంగ అంటే కాస్టింగ్‌వాళ్ళకి వెంటనే తట్టే శరీరం. నీకు వచ్చే మొదటి పిలుపులు డాక్టరు, టాక్సీ డ్రైవరు, కార్నర్ షాపు ఓనరు, ఐటీ కుర్రాడు, ఇవే ఉంటాయి. ముందుకంటే చాలా నయం, అయినా ఇప్పటికీ ఉన్నదే. వాటికి చిన్నబుచ్చుకోకు, అలాగని వెకిలిగా చెయ్యమంటే ఒప్పుకోకు. యాస మీద పనిచెయ్యి, ఖమ్మం ఇంగ్లిష్‌ని చెరిపెయ్యమని కాదు, అది నీ దగ్గర ఉండే ఆస్తి, దాంతోపాటు మాంచెస్టర్ యాస, స్టాండర్డ్ ఇంగ్లిష్ యాస అడగ్గానే నోటికి రావాలి. మంచి వాయిస్ టీచర్ని పట్టుకో, నటన క్లాసులకి పెట్టే డబ్బులో సగం అటు పెట్టినా నష్టం లేదు.

నేను ఇక్కడ టీవీ ప్రొడక్షన్ అకౌంట్స్‌లో పని చేస్తా, నటులు నాకు ఎక్కువగా ఇన్‌వాయిస్‌ల మీద, కాల్ షీట్ల మీద, అంటే ఆ రోజు షూటింగ్ ప్లాన్ రాసే కాగితాల మీద కనపడతారు. కాల్ షీట్‌లో నటులందరికీ నంబర్లుంటాయి, లీడ్ ఒకటి, తర్వాత రెండు, మూడు. నువ్వు పద్నాలుగో పదిహేడో ఉంటావు. నీ పికప్ తెల్లారి ఐదున్నరకి, ఏడింటికల్లా మేకప్ కాస్ట్యూమ్ అయిపోయి రెడీగా ఉంటావు, వర్షం వల్ల ముందు సీన్ లేటవుద్ది, మధ్యాహ్నం నీ సీన్ వెనక్కి జరుగుద్ది, సాయంత్రం నాలుగుకి లైట్ పోతోందని అందరూ కంగారు పడుతుంటే అప్పుడు నిన్ను పిలుస్తారు, రిహార్సల్ ఒక్కటే, రెండు టేకులు, నాలుగు లైన్లు, నమస్తే. ఆ పదకొండు గంటలూ వ్యాన్‌లో కూర్చున్నా ఆ నాలుగు లైన్లు అప్పుడే పుట్టినట్టు చెప్పగలగాలి. అలా చెప్పగలిగినవాళ్ళని ఫస్ట్ అసిస్టెంట్ డైరెక్టర్లు, డైరెక్టర్లు గుర్తుపెట్టుకుని మళ్ళీ పిలుస్తారు, ఈ పన్లో పేరు రావడమంటే ఎక్కువగా ఇదే, పేపర్లో ఫోటో కాదు. నీకు ఆ పదకొండు గంటలు విసుగనిపిస్తే ఈ లైన్ వద్దు, ఆ రోజు ఇంటికొచ్చి కూడా నీ నాలుగు లైన్ల గురించి మీ ఆవిడకి గంటసేపు చెప్పేలా ఉంటే మాత్రం ముందుకెళ్ళు.

ఇప్పుడు డబ్బు విషయం. రిజైన్ వద్దన్నాను కదా, ఎందుకంటే నీకు ఆల్రెడీ మాస్టర్స్ ఉంది, అలాంటివాళ్ళకి ఇక్కడ గవర్నమెంట్ మాస్టర్స్ లోన్ ఇవ్వదు, పోనీ మళ్ళీ బీఏ యాక్టింగ్ చేద్దామన్నా బీటెక్ ఉన్నవాళ్ళకి మామూలుగా ట్యూషన్ లోన్ రాదు, అంటే ఫీజు మొత్తం జేబులోంచి, పైగా ఆ కాలమంతా జీతం సున్నా, మార్ట్‌గేజ్ మాత్రం నెలనెలా కట్టాలి. నటుడంటే ఇక్కడ సెల్ఫ్ ఎంప్లాయ్డ్, ఆ ఆదాయం చూపించి వేరే బ్యాంకుకి మారాలంటే మామూలుగా రెండేళ్ళ అకౌంట్స్ అడుగుతారు, ఏటా జనవరి 31కల్లా టాక్స్ రిటర్న్ నువ్వే వేసుకోవాలి. మంచి ఏడాది వెనకే పూర్తిగా ఖాళీ ఏడాది రావచ్చు, పెద్ద పెద్దవాళ్ళకే వచ్చింది. కాబట్టి ఇల్లు, ఆవిడ జీతం, మీ పిల్లల ప్లాన్ ఏదన్నా ఉంటే అదీ ముందు పెట్టుకుని, కనీసం ఏడాదిన్నర ఖర్చు పక్కన చేరేదాకా ఉద్యోగం కదిలించకు. మీ కంపెనీలో వారానికి నాలుగు రోజుల పని అడగొచ్చు, చట్ట ప్రకారం అడిగే హక్కు నీకుంది, సరైన కారణం చూపించి వాళ్ళు కాదనొచ్చు గానీ అడిగితే పోయేదేం లేదు.

ఉద్యోగంలో ఉంటూనే చెయ్యగలిగింది చాలా ఉంది, మాంచెస్టర్‌లో ఉండటం నీ అదృష్టం కూడా. కరోనేషన్ స్ట్రీట్ మీ పక్కనే ట్రాఫోర్డ్ వైపు తీస్తారు, 1960 నుంచి నడుస్తోంది, సాల్‌ఫర్డ్‌లో మీడియాసిటీ ఉంది, రాయల్ ఎక్స్‌చేంజ్, హోమ్, కాంటాక్ట్ లాంటి థియేటర్లున్నాయి, వాళ్ళు అప్పుడప్పుడు కొత్తవాళ్ళకి వర్క్‌షాపులు పెడతారు. యూనివర్సిటీ ఫిల్మ్ స్టూడెంట్స్ తీసే షార్ట్ ఫిల్మ్స్‌కి ఎప్పుడూ నటులు కావాలి, డబ్బు ఉండదు గానీ చేతికి షోరీల్, అంటే నీ నటన ముక్కల వీడియో వస్తుంది, అందులోంచి ఒకటిన్నర నిమిషం మంచి ముక్క కట్ చేసి పెట్టుకో. మొదటి ఆడిషన్లన్నీ ఇప్పుడు సెల్ఫ్ టేపులే, ఇంట్లో ఒక గోడకి సాదా రంగు వేసి, కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా ఫోన్ పెట్టి, ఎదుటి లైన్లు మీ ఆవిడతో చదివించుకో. స్పాట్‌లైట్ అని 1927 నుంచి ఉన్న డైరెక్టరీ, కాస్టింగ్‌వాళ్ళు నటుల్ని వెతికేది అక్కడే, అందులో చేరాలంటే ట్రైనింగో ప్రొఫెషనల్ క్రెడిట్సో చూపించాలి, అవి పోగుచేసుకోవడమే నీ మొదటి టార్గెట్. డబ్బులిచ్చే పని మొదటిది రాగానే ఈక్విటీ అనే నటుల యూనియన్‌లో చేరు, కాంట్రాక్ట్ అర్థం కాకపోతే వాళ్ళని అడగొచ్చు. ఏజెంట్ వచ్చిన పనిలోంచి కమిషన్ తీసుకుంటాడు, 10 నుంచి 20 శాతం మధ్యలో ఉంటుంది మామూలుగా, చేరడానికే ముందు డబ్బు కట్టమన్నవాడి దగ్గరికి అస్సలు పోకు, మన పిల్లలు ఇక్కడ కూడా అలా చాలామంది మోసపోతున్నారు, ఫోటోషూట్ ప్యాకేజీ అని వందల పౌండ్లు లాగేస్తారు.

ఒక రోజు సెలవు పెట్టి జనంలో నిలబడే వేషానికి కూడా వెళ్ళిరా, గుంపులో ఉంటావు, డైలాగ్ ఉండదు, దానిమీద కెరీర్ కట్టొద్దు గానీ ఒక సెట్ తెల్లారి నుంచి రాత్రి దాకా ఎలా కదులుతుందో పక్కనుంచి చూడటానికి అంతకన్నా చవకైన దారి లేదు. డ్రామా స్కూల్ కావాలనే అనిపిస్తే ముందు వాటి సమ్మర్ కోర్సులో, పార్ట్‌టైమ్ ఫౌండేషన్‌లో చేరి చూడు, రెండు మూడు వారాల్లోనే తెలిసిపోద్ది, రోజంతా శరీరం, గొంతు, ఊపిరి మీద కసరత్తు చేస్తూ చిన్నపిల్లల మధ్య తప్పులు చేస్తూ నేర్చుకోవడం నీకు ఇష్టమో కాదో.

నాన్న గురించి ఒక్క మాట. ఆయన కోపంలో తప్పేం లేదు, ఖమ్మంలో ఉండి నీ చదువుకి అప్పు చేసిన మనిషికి రిజైన్ అన్న మాట ఎలా వినపడుతుందో ఆలోచించు. ఈ ఏడాది ఆయనకి రిజైన్ అన్న మాట చెప్పాల్సిన అవసరమే రాదు కాబట్టి ఫోన్ చేసి అదే చెప్పు, నాన్నా ఉద్యోగం వదలట్లేదు, పక్కన నేర్చుకుంటున్నా అని. ఏదన్నా షార్ట్ ఫిల్మ్ అయ్యాక లింక్ పంపు, మాటలకంటే అది ముందు చూడనీ.

ఏడాది తర్వాత నాకు మళ్ళీ రాయి, షోరీల్ అయిందా, యాస ఎంతవరకు వచ్చింది, ఎన్ని టేపులు పంపితే ఎన్ని పిలుపులొచ్చాయి, చేతిలో ఎంత చేరింది, ఇవన్నీ రాసి పంపు. అప్పుడు రిజైన్ లెటర్ గురించి మాట్లాడుకుందాం. ఈలోపు నీ మొదటి సెల్ఫ్ టేప్ నాకు పంపించు, మా కాస్టింగ్‌లో పనిచేసే ఒకావిడకి చూపించి ఆవిడ ఏమందో దాచకుండా రాస్తా.